పేరు పెట్టి కొలవండి!

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం కార్మికులకు. నక్కవాగు, మంజీర, మూసీ వెంట బతికే రైతులకు. సర్పంచులకు, వార్డు సభ్యులకు విజ్ఞప్తి

సిప్రోఫ్లాక్సాసిన్ మనకు కొత్త మందేం కాదు. విరేచనాలకో, మూత్రంలో మంటకో డాక్టరు రాసే 500 ఎంజీ మాత్ర. పదహారు లీటర్లు పట్టే బిందెలో అలాంటి మాత్ర ఒకటి కరిగించి చూడండి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం బయటపెట్టిన లెక్క ఇంచుమించు అదే. సుమారు 90 మందుల కంపెనీల మురుగునీళ్ళు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి వదిలిన నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఆ మందు ఉందని తేలింది. శుద్ధి చేయకముందు కాదండీ, చేశాక! రోజుకు 44 కిలోలని అంచనా కట్టారు. 44 వేల జనాభా ఉన్న పట్టణంలో పసిపిల్లల్ని కూడా వదలకుండా అందరికీ ఆ రోజుకు సరిపోయే మందు. అదంతా ఇసకవాగులో పడి, నక్కవాగులో కలిసి, మంజీరకు పోయింది.

అప్పుడూ నీళ్ళు పరీక్షించే అధికారులున్నారు, నమూనా సీసాలున్నాయి. కానీ ఆ మందుకు చట్టంలో హద్దు లేదు. హద్దు లేనిదాన్ని ఎవరూ కొలవరు. ఆ హద్దు ఈ రోజుకీ లేదు. మా కరపత్రం ఈ ఒక్క మాట కోసమే.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేం అనం. 1990లో ఈ కాలుష్యంపై కేసు సుప్రీంకోర్టుకెక్కింది. ఆ తర్వాత హైకోర్టు, హరిత ట్రైబ్యునల్ కూడా తిరిగింది. కోర్టు ఆదేశాలతోనే ఊళ్ళకు మంచినీళ్ళొచ్చాయి, పంట పోయిన రైతులకు కొంత పరిహారమూ వచ్చింది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేస్తూ దశాబ్దాలపాటు ఈ నీళ్ళ మీదే కొట్లాడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్ళు లేకపోతే అదీ దక్కేది కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 మార్కులు వేసి, దేశంలో అత్యంత కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాకెక్కించింది. (మార్కులు ఎక్కువొస్తే తలదించుకోవాల్సిన పరీక్ష ఇదొక్కటే.) శుద్ధి ప్లాంటు నుంచి అంబర్‌పేటకు 18 కిలోమీటర్ల పైపులైను కూడా వేశారు. మంజీరకు పోయే నీళ్ళు మూసీ దారి పట్టాయి. సంగారెడ్డి రైతు గోడు నల్గొండ రైతు నెత్తిన పడింది. ఇన్నేళ్ళలో నీళ్ళ దారి మార్చారు గానీ, నీళ్ళలో ఏముందని మాత్రం అడగలేదు.

అడిగామంటారు, సీఓడీ చూపిస్తారు. సీఓడీ అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. నమూనాలో డైక్రోమేటు, యాసిడ్ కలిపి రెండు గంటలు మరిగిస్తారు. అందులోని సేంద్రియ పదార్థం మొత్తం మండడానికి ఎంత ఆక్సిజన్ కావాలో లెక్క కడతారు. పనికొచ్చే పరీక్షే, కాదనం. కానీ మండింది బెల్లమా, యాంటీబయాటిక్కా అన్నది ఆ అంకె చెప్పదు. వేల అంకె వందల్లోకి దిగితే ‘శుద్ధి అయింది’ అని సంతకం పెట్టేస్తారు. మిగిలిన ఆ కాస్తలోనే మందు ఉండొచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులు బురదను అంటిపెట్టుకుని ఉండిపోతాయి. ఆ బురదలో చావకుండా మిగిలిన సూక్ష్మజీవులు, మందుకు లొంగని గుణాన్ని పక్క జీవులకూ పంచుతాయి. రేపు మన పిల్లకు జ్వరమొస్తే ఆ మాత్ర పనిచేయకపోవచ్చు.

ఇది కేంద్రానికి తెలియదా? తెలుసు. 2020 జనవరిలో పర్యావరణ మంత్రిత్వశాఖ ముసాయిదా ప్రకటించింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో 121 యాంటీబయాటిక్స్‌లో ఒక్కోటి ఎంతకు మించకూడదో పేరుపేరునా అందులో రాసింది. మన దేశానికి గర్వకారణమైన కాగితం అది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మాయం!

అంత సూక్ష్మంగా కొలవడం కష్టమంటారు, ఖర్చంటారు. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే కల్మషం బయటపడ్డాక, మనిషికి రోజుకు 96 నానోగ్రాములు దాటకూడదని విదేశీ సంస్థలు హద్దు పెట్టాయి. మన కంపెనీలు ఏం చేశాయి? మూసుకుపోలేదు. యంత్రాలు తెప్పించుకున్నాయి, మనుషులకు నేర్పాయి, కొలిచి చూపించి ఎగుమతులు నిలబెట్టుకున్నాయి. అమెరికాలో మాత్ర మింగేవాడి కోసం నానోగ్రాములు లెక్కపెట్టే ల్యాబుకు, కాంపౌండు గోడ దాటే నీళ్ళలో మిల్లీగ్రాములు కనపడవంటే నమ్మాలా? యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థజలాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఇక తెలియదనడానికి ఏం మిగిలింది?

లోపల పనిచేసేవాళ్ళ సంగతి ఇంతకన్నా అన్యాయం. సెంట్రిఫ్యూజు నుంచి తడి సరుకు తోడేటప్పుడు, డ్రయర్‌లో ఆరిన పొడిని డ్రమ్ముల్లోకి దించేటప్పుడు గాలిలోకి లేచేదీ మందే. డాక్టరు చీటీ లేకుండా షిఫ్టు షిఫ్టుకూ పీల్చే మందు. పెన్సిలిన్ జాతి పొడి ఆయాసం, దద్దుర్లు తెస్తుందని పరిశ్రమకు ఏనాటి నుంచో తెలుసు. ఆ మందుల తయారీకి వేరే షెడ్డు, వేరే గాలి ఏర్పాటు ఉండాలన్న నియమం కూడా ఉంది. కానీ అది పొడి ఇంకో మందులో కలిసి రోగికి హాని చేయకుండా పెట్టిన నియమం. డ్రమ్ము ఎత్తే మనిషి కోసం కాదు. ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో బెంజీన్‌కు, టోలుయీన్‌కు, క్లోరిన్‌కు గాలిలో హద్దులుండేవి. యాంటీబయాటిక్ పొడి ఊసే లేదు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో ఆ చట్టానికి 41-సి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేసేవాళ్ళ ఆరోగ్య రికార్డు యాజమాన్యం ఉంచాలని, కార్మికుడికి అందుబాటులో పెట్టాలని అది చెప్పింది. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి కాంట్రాక్టరు చేతి కింద చేరిన పిల్లవాడికి ఈ హక్కు ఉందని చెప్పేదెవరు? ఇప్పుడు కార్మిక చట్టాల స్థానంలో కోడ్‌లొచ్చాయి. ఆ మార్పులో ఈ హక్కు జారిపోకుండా చూసుకోవాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడుకు 50 మందికి పైగా బలైతే ముఖ్యమంత్రి దాకా అందరూ వచ్చారు, రావలసిందే. ఊపిరితిత్తులు మెల్లగా చెడి ఊరికి తిరిగిపోయేవాడి దగ్గరికి మాత్రం ఎవరూ రారు. వాడి జబ్బుకు కారణం ఏ కాగితం మీదా ఉండదు.

కేంద్రం పట్టిక తిరిగి పెట్టేదాకా ఆగాల్సిన పని లేదు. కేంద్రం పెట్టిన దానికంటే కఠినమైన హద్దులు పెట్టే అధికారం పర్యావరణ (పరిరక్షణ) నియమాల కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్ళకు ఉంది. ప్రతి ఫ్యాక్టరీ నడపడానికి మండలి ఇచ్చే కన్సెంట్‌లోనే షరతు రాయొచ్చు. ఇది హైదరాబాద్ చేతిలో పని, ఢిల్లీ మీదికి నెట్టొద్దు. ఉద్యోగాలు పోతాయని భయపెట్టేవాళ్ళకు ఒకటే జవాబు: ఫ్యాక్టరీ మూయమని మేం అడగడం లేదు, కొలవమంటున్నాం.

ఈలోగా మనం చేయగలిగింది ఉంది. మీ పక్క ఫ్యాక్టరీ కన్సెంట్ కాపీ, గత మూడేళ్ళ పరీక్షల రిపోర్టులు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. లోపల పనిచేసేవాళ్ళు మీ ఆరోగ్య రికార్డు నకలు ఒంటరిగా కాదు, పది మంది కలిసి రాతపూర్వకంగా అడగండి. రాబోయే గ్రామసభలో ఈ కింది తీర్మానం చదివి, ఆమోదించి, ప్రతులు కలెక్టరుకూ కాలుష్య నియంత్రణ మండలికీ పంపండి:

“మా గ్రామ పరిధిలోనూ, ఎగువనా ఉన్న మందుల ఫ్యాక్టరీలు తాము తయారుచేసే ప్రతి మందునూ వ్యర్థజలాల్లోనూ, పనిచేసేచోట గాలిలోనూ పేరు పెట్టి కొలవాలనీ, 2020 ముసాయిదాలోని హద్దుల్ని కన్సెంట్ షరతుగా చేర్చాలనీ, పగలే కాక రాత్రిపూటా, వాన పడే రోజుల్లోనూ ముందస్తు కబురు లేకుండా నమూనాలు తీయాలనీ, ఆ ఫలితాలు నెలనెలా తెలుగులో పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలనీ, కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ ఆరోగ్య రికార్డు నకళ్ళు ఇవ్వాలనీ ఈ గ్రామసభ తీర్మానిస్తున్నది.”