సమీకరణంలో రెండవ పదార్థం

ఉప్పును గంధకామ్లంతో వేడిచేస్తే సోడియం సల్ఫేటు, దానితోపాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లవాయువు ఏర్పడతాయని విద్యార్థులు నల్లబల్లమీద వ్రాసి నేర్చుకొంటారు. మొదటిది కావలసిన పదార్థం. రెండవది వెంట వచ్చినది. సమీకరణం తుల్యమైతే పాఠం ముగుస్తుంది. లోకంలో మాత్రం ఆ రెండవ పదార్థపు కథ అప్పుడే మొదలవుతుంది.

1791లో ఫ్రెంచి వైద్యుడు నికొలా లెబ్లాంక్ ఉప్పునుండి సోడా తీసే విధానానికి పేటెంటు పొందినాడు. ఈ రసాయనచర్యయే అందులో తొలిమెట్టు. సబ్బుకు, గాజుకు సోడా అవసరం. ఇంగ్లండులోని లాంకషైరులో సోడా కర్మాగారాలు వెలసినవి. వాటి ఆమ్లవాయువుకు చెట్లు మోడువారినవి, పైరులు మాడినవి. పైనుండి నీరు జారే గోపురంలోనికి క్రిందినుండి ఆ వాయువును పంపి కరిగించే ఉపాయాన్ని 1836లో విలియం గాసేజ్ కనిపెట్టినాడు. అయినా, నూటికి 95 పాళ్లు పట్టి నిలపవలెనని 1863లో ఆల్కలీ చట్టం శాసించేవరకు అది అందరికీ విధి కాలేదు. పట్టిన ఆమ్లాన్ని కొందరు వాగులలో వదలినారు. గాలిలోని కీడు నీటికి మారినది. మరికొందరు దానినుండి క్లోరిను తీసి, బట్టలను, కాగితాన్ని తెల్లబరచే పొడిని తయారుచేసినారు. ఒకచోట విషమైనదే మరొకచోట సరకైనది.

ఆ చట్టం క్రింద తనిఖీ అధికారిగా పనిచేసిన జార్జి డేవిస్ 1887లో మాంచెస్టరులో 12 ఉపన్యాసాలిచ్చినాడు. రసాయన ఇంజనీరింగు ప్రత్యేకశాస్త్రంగా రూపొందడానికి అవి నాంది పలికినవి. కనుక కాలుష్యనివారణ ఈ విద్యకు ఈనాడు తగిలించిన అలంకారం కాదు. పుట్టుకతో వచ్చిన ధర్మం.

ఆ ధర్మాన్ని మరచిన ఫలితాన్ని తెలుగునేల కూడా అనుభవించినది. హైదరాబాదు చెంత పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగును పాడుచేసినవి. పల్లెల గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరినది. అక్కడ కొరవడినది విద్య కాదు, బాధ్యత.

భారమంతా ఇంజనీరుపైనే మోపడం న్యాయం కాదు. గోపురం కట్టగలవాడు ఆయన; కట్టించవలసినవారు యజమాని, ప్రభుత్వం, ప్రజలు. కాని పొగగొట్టంనుండి ఏమి పోతున్నదో ముందుగా తెలిసేది ఆయనకే. తెలిసినవాడు మౌనం వహిస్తే చట్టం కూడా గ్రుడ్డిదవుతుంది. ఎంత తయారైనదన్న లెక్కతోపాటు ఎంత వదలబడినదన్న లెక్కనూ ఆయన నిర్భయంగా చెప్పవలె.

ఈ అలవాటు కర్మాగారంలో అబ్బేది కాదు, తరగతిగదిలో అబ్బవలసినది. సమీకరణం తుల్యం చేసిన విద్యార్థిని ఉపాధ్యాయుడు మరొక్క ప్రశ్న అడుగవలె: “ఈ రెండవ పదార్థం ఎక్కడికి పోతుంది?”