నీటి గుత్త

హైదరాబాదు నగరమునకు 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును సమకూర్చిన కాలమున నీటి మంచిచెడ్డల విచారము ప్రభుత్వపు ఇంజనీర్లది. అటుపిమ్మట మంజీర, కృష్ణ, గోదావరుల జలములు సైతము నగరమునకు వచ్చినవి. కాని ఆ గొట్టములకన్న వేగముగా పెరిగిన శివారులలో, పాతాళమునుండి బోరునీటిని తోడుకొను అపార్ట్‌మెంటువాసులకు మాత్రము ఆ విచారము సొంతమైనది. తత్ఫలితముగా, రసాయనశాస్త్రమును పాఠశాలలోనే విడిచివచ్చిన సంఘ కార్యదర్శి ఆదివారపు సమావేశమున లక్షల రూపాయల యంత్రమును గూర్చి గుత్తేదారుతో బేరమాడవలసి వచ్చుచున్నది. ధర తగ్గించుటకు చూపు పట్టుదలలో నాలుగవ వంతైనను, కొనుచున్నదేమో తెలిసికొనుటకు మనము చూపుట లేదని నా యభియోగము.

కుళాయిలకు తెల్లని గార కట్టుట, గీజరు కాయిలు మాటిమాటికి కాలిపోవుట, సబ్బు నురగ రాకుండుట, కందిపప్పు ఎంతసేపటికిని మెత్తబడకుండుట — ఇవి కాల్షియము, మెగ్నీషియముల వలని కాఠిన్యమునకు లక్షణములు. ఈ కాఠిన్యమును తీయుటకు కొను సాఫ్ట్‌నరు యంత్రములోని రెసిను గుళికలు ఆ రెంటిని పట్టుకొని, బదులుగా సోడియమును విడుచును. వాని శక్తి తరిగినప్పుడు ఉప్పునీటితో కడిగి మరల పనికి తేవలెను. ఇంతకుమించి అది చేయునది లేదు. కరిగిన లవణముల మొత్తము దాదాపు అట్లే యుండును. నైట్రేటు పోదు, ఫ్లోరైడు పోదు, క్రిములు చావవు. నల్గొండ ప్రాంతమున మనుష్యుల యెముకలను వంచిన ఫ్లోరైడును తొలగించుటకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నములతో ‘నల్గొండ పద్ధతి’ని ప్రత్యేకముగా రూపొందింపవలసి వచ్చినది. సబ్బు చక్కగా నురగలెత్తు నీటియందే ఆ ఫ్లోరైడు దాగియుండవచ్చును. కావున ‘మెత్తని నీరు’, ‘శుద్ధమైన నీరు’ అను రెంటిని ఒకే రసీదుపై అమ్మజూపువానిని, ఏ యంత్రము దేనిని తీయునని విడివిడిగా అడుగవలెను.

అడిగినచో లభించునది తరచుగా సమాధానము కాదు, ప్రదర్శనము. అమ్మకందారు రెండు గ్లాసుల నీటిలో లోహపు కడ్డీలుంచి విద్యుత్తును పారించును. క్షణములలో కుళాయి నీరు గోధుమవన్నె బురదయగును, ఆయన ఫిల్టరు నీరు తేటగా నిలుచును, చూపరులు ముక్కున వేలు వేసికొందురు. ఆ బురద నీటిలోనిది కాదు. ఇనుపకడ్డీ కరగి పుట్టిన తుప్పు. లవణములు తీసిన నీటిలో విద్యుత్తు సరిగా పారదు గనుక అచ్చట కడ్డీ కరగదు, అంతియే. చేతిమీటరు చూపు టి.డి.యస్. అంకె సైతము లవణముల మొత్తమును సూచించునే గాని, అందు హానికరమైనదేదో చెప్పజాలదు.

అందుచేత పరీక్షించువాడొకడు, అమ్మువాడొకడు కావలెను. యంత్రము మాట యెత్తకముందే బోరునీటిని స్వతంత్ర ప్రయోగశాలకు పంపి, త్రాగునీటి భారతీయ ప్రమాణమగు ఐ.యస్. 10500తో సరిచూచుకొనుట యుక్తము. లీటరుకు కాఠిన్యము 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యము, వేరొక ఆధారము లేనిచో 600 వరకు సహ్యము. ఫ్లోరైడు 1, గత్యంతరము లేనిచో 1.5, నైట్రేటు 45 దాటరాదు.

పిమ్మట లెక్క. దినమునకు 20 వేల లీటర్లు వాడు భవనమున కాఠిన్యము లీటరుకు 500 మిల్లీగ్రాములైనచో, తీయవలసినది రోజుకు 10 కిలోలు. దానికి సిద్ధాంతరీత్యానే 11.7 కిలోల ఉప్పు కావలెను, ఆచరణలో మరింత హెచ్చు. ఆ ఉప్పుమూటల ఖర్చు ఎవరిది? కడిగిన ఉప్పునీరు ఎచ్చటికి పోవును? ఇంకుడుగుంతలోనికి వదలినచో అది మన బోరునకే తిరిగిరాగలదు. మరియు అంత కాఠిన్యమును పూర్తిగా తీసిన నీటిలో లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియము చేరును. రక్తపోటు గలవారున్న యిండ్లలో త్రాగునీటికి వేరు గొట్టము విధిగా ఉండవలెను. త్రాగునీటికి ఆర్.వో. పెట్టించుట సైతము అవసరమును బట్టియే తగును. అది గణనీయమైన నీటిని వృథాగా వదలును గనుకనే, టి.డి.యస్. 500కు లోబడినచోట దానిని నిషేధింపుడని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించినది.

ఒప్పందపత్రమున యంత్రపు పేరు, గ్యారంటీ కార్డు మాత్రమే యుండిన చాలదు. బయటికి వచ్చు నీటి కాఠిన్యమెంత, దినమునకెన్ని లీటర్లు, ఉప్పు ఎంత, నెలనెల పరీక్ష యెవరిచేత, మాట తప్పినచో కోత యెంత — ఇవి అక్షరరూపమున నుండవలెను. బోరు మట్టము దిగి నీటి గుణము మారునట్టి వేసవి గడచువరకు మూల్యములో కొంత నిలిపియుంచవలెను. ఇట్టి షరతులకు గుత్తేదారులు దొరకరని కొందరందురు. నిజమునకు తక్కువ రెసినుతో తక్కువ ధర పలుకువానితో పోటీపడలేక తప్పుకొనుచున్న పనిమంతునికి ఈ షరతులే రక్ష. ధర యొక్కటే చూచు సంఘము అట్టివానిని తానే గడప దాటించుచున్నది.

— తటస్థుడు