నవ్వు మాది, కుర్చీ ఎవరిది?

పగటి వేషగాళ్ళు మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి నవ్వించి, చేటెడు గింజలతో వెళ్ళిపోయేవారు. నవ్వు వారిది, గడప మరొకరిది. తెలుగు సినిమా సైతం దశాబ్దాల పాటు తెలంగాణ యాసను హాస్యగాడికో, ప్రతినాయకుడికో అప్పగించింది.

వీ6 'తీన్మార్ వార్తలు' ఆ యాసను వ్యాఖ్యాత కుర్చీలో కూర్చోబెట్టింది. మిమిక్రీ కళాకారుడైన చేవెళ్ల రవి అక్కడ బిత్తిరి సత్తిగా ఇంటింటికీ చేరారు. తరువాత సినీ తారలను ఇంటర్వ్యూ చేసే స్థాయికి ఎదిగారు. అయినా తారల ఎదుట ఆయన బిత్తిరిగానే ఉండాలి! ఉమ్మడి నల్లగొండ వాసి చింతపండు నవీన్, తీన్మార్ మల్లన్నగా నవ్వించి, ఆ వేషం దాటి 2024లో పట్టభద్రుల ఎమ్మెల్సీ అయ్యారు. బీసీల వాటా అడిగారు. ఆయన మాటల్లోని పరుషత్వాన్ని నేను సమర్థించను. కానీ నవ్వించినప్పుడు ముచ్చటైన నోరు, వాటా అడిగినప్పుడే దురుసుగా తోచడంలో కులం లేదా?

మౌఖిక పరీక్షకు వచ్చే నా విద్యార్థులు ఇంటి భాషను గుమ్మం బయటే వదిలి వస్తారు. తెరపై అదే భాషకు మనం చప్పట్లు కొడతాం. సంపాదక పీఠాలలో బహుజనులెందరో ప్రసార సంస్థలు వెల్లడించాలి. నవ్వించే హక్కుతో పాటు నిర్ణయించే హక్కూ కావాలి.