జంట ఇంజిన్లు.. జత కుదరని ఇంధనం

జగ్గయ్యపేట, నందిగామ: నదిని దాటే పడవకు రెండు ఇంజిన్లు ఉంటే భద్రత రెట్టింపవుతుందన్నది సాధారణ నమ్మకం. ఆ రెండూ ఇంచుమించు సమానంగా ఇంధనం వాడుతున్నంత కాలమే ఆ నమ్మకానికి విలువ. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ తాగడం మొదలైతే అది కేవలం ఖర్చు లెక్కలోని తేడా కాదు. నడి ఏట్లో ఎదురు కాబోయే ఆపదకు అది తొలి సూచన. కృష్ణా తీరాన ఉన్న మెట్ట ప్రాంత మండలాలకు ఈ విషయం ఎంతో ముఖ్యమైనది.

బల్లకట్టుకు బంధువే

ఉమ్మడి కృష్ణా జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలకు కృష్ణా నదే దక్షిణపు హద్దు. ఆవలి ఒడ్డు పల్నాడు. జగ్గయ్యపేట మండలం ముక్త్యాల, అచ్చంపేట మండలం మాదిపాడు రేవుల మధ్య బల్లకట్టు ప్రయాణం ఇక్కడి వారికి చిరపరిచితం. రెండు పడవలను పక్కపక్కన నిలిపి, పైన బల్లలు పరచి బిగిస్తే బల్లకట్టు. ఇంగ్లిషువారు కెటమరాన్ అని పిలిచే జంట పడవ నిర్మాణంలో దీనికి దగ్గరి బంధువే. ఆ ఇంగ్లిషు మాట సైతం తమిళ ‘కట్టుమరం’ నుంచి పుట్టినదే.

ఇటువంటి జంట పడవలకు వెనుక తగిలించే అవుట్‌బోర్డు ఇంజిన్లు రెండు అమర్చినప్పుడు, అవి ఒకదానికొకటి దూరంగా చెరో పడవకు ఉంటాయి. మలుపు తిప్పడానికి ఈ దూరం మేలు చేస్తుంది. ఇంజిన్ల మధ్య సమతూకం తప్పితే అదే దూరం కీడు చేస్తుంది.

తేడా ఎక్కడ పుడుతుంది?

కారణాల్లో మొదటిది ప్రొపెల్లర్. రేవులో రాయి తగిలి ఒక రెక్క వంగినా, తెగిన వల దారమో గుర్రపుడెక్క వేరో ఇరుసుకు చుట్టుకున్నా ఆ ఇంజిన్‌పై భారం పెరుగుతుంది. రెండోది యాక్సిలరేటర్ తీగ. రెండు మీటలూ ఒకే చోట ఉన్నట్లు కనిపించినా, తీగ సాగితే ఇంజిన్ల వేగాలు సమానంగా ఉండవు. ప్రొపెల్లర్ తిప్పడానికి కావలసిన శక్తి దాని వేగానికి సుమారు ఘనం చొప్పున పెరుగుతుంది. ఒక ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు, మరొకటి 4,200 చుట్లు తిరిగితే వేగంలో తేడా 5 శాతమే. శక్తిలో మాత్రం అది దాదాపు 16 శాతం అవుతుంది. ఇంధనం ఖర్చు కూడా ఆ దారినే నడుస్తుంది.

కార్బ్యురేటర్‌లో చెత్త, అరిగిన స్పార్క్ ప్లగ్గు, ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం మూసుకుపోవడం తదుపరి కారణాలు. చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ తగినంత వేడెక్కక ఇంధనాన్ని వృథా చేస్తుంది. ట్రాక్టరును ఒక పక్కకు నిలిపితే ఆ పక్క పడవ లోతుగా మునుగుతుంది. దారి తప్పకుండా చూసేందుకు సరంగు ఆ వైపు ఇంజిన్‌ను మరింత పెంచుతాడు.

ఎక్కువ తాగేదే చెడిపోయిన ఇంజిన్ అనుకోవడం పరిపాటి. అన్నివేళలా అది నిజం కాదు. బలహీనపడిన ఇంజిన్ చేయలేని పనిని మంచి ఇంజిన్ మోస్తుండవచ్చు. అప్పుడు తక్కువ తాగేదానికే మరమ్మతు కావాలి.

నదే చెప్పే పరీక్ష

ఈ సమస్యను తేల్చడానికి కృష్ణా ప్రవాహమే ఉపకరిస్తుంది. ముక్త్యాల నుంచి మాదిపాడుకు దక్షిణంగా వెళ్లే పడవకు ప్రవాహం కుడి నుంచి తగులుతుంది. తిరుగు ప్రయాణంలో ఎడమ నుంచి తగులుతుంది. పడవ ముక్కును ఎగువకు పట్టి ఉంచేందుకు సరంగు దిగువ వైపు ఇంజిన్‌కు కాస్త ఎక్కువ పని చెప్పవలసి వస్తుంది. వెళ్లేటప్పుడు అది ఎడమ ఇంజిన్, వచ్చేటప్పుడు కుడి ఇంజిన్.

కాబట్టి ఒక్క దాటుడులో కనిపించే తేడాను పట్టించుకోనక్కరలేదు. రోజంతా రాకపోకలు సాగించాక ప్రవాహం వల్ల వచ్చిన తేడా చాలావరకు చెల్లిపోవాలి. అప్పటికీ ఒకే ఇంజిన్ వెనుక లోటు మిగిలితే దోషం నదిది కాదు, పడవది. సాయంత్రం ఒకే రేవులో రెండు ట్యాంకులనూ నింపి, ఏది ఎన్ని లీటర్లు పట్టిందో విడివిడిగా పది రోజులు రాస్తే చాలు. ప్రొపెల్లర్లు ఒకే రకానివైతే అటుదిటు మార్చి చూడాలి. తేడా ప్రొపెల్లర్‌తో పాటు కదిలితే తప్పు దానిదే. కదలకుంటే తీగలను, ఇంజిన్‌ను పరీక్షించాలి.

రెండు ఇంజిన్లకూ ఒకే ట్యాంకు ఉన్నచోట ఈ తేడా కంటికి కానరాదు. పైగా అందులో నీరు కలిస్తే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. వేర్వేరు ట్యాంకులు, నీటిని వేరుచేసే ఫిల్టర్లు ఉండటమే క్షేమం.

మధ్యలో ఆగితే?

లెక్కకు చెరో 20 లీటర్లు నింపారనుకుందాం. ఒకటి గంటకు 6 లీటర్లు, మరొకటి 5 లీటర్లు వాడితే 3 గంటల 20 నిమిషాలకు మొదటిది ఆగుతుంది. రెండోదానిలో 3 లీటర్లకు పైగా మిగిలే ఉంటుంది. అయినా పడవ ఆ క్షణం నుంచి ఒంటి ఇంజిన్‌దే. ఆగినది దిగువ వైపుదైతే ముక్కు దిగువకే తిరుగుతుంది, ప్రవాహం దానికి తోడవుతుంది. ఎక్కువ పని చేసేదీ, ఆగితే ఎక్కువ ముప్పు తెచ్చేదీ ఆ ఇంజినే కావడం గమనార్హం.

ముక్త్యాలకు ఎగువనే పులిచింతల జలాశయం ఉంది. అక్కడి నుంచి వదిలే నీటిని బట్టి దిగువన ఉద్ధృతి మారుతుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2023 జులైలో మున్నేరు వరద నందిగామ సమీపాన ఐతవరం వద్ద జాతీయ రహదారినే ముంచెత్తింది. అటువంటి వేళ రేవు దాటుడు నిలిపివేసినా, సహాయ బృందాల పడవలు మాత్రం నీటిలోకి దిగక తప్పదు. వాటి ఇంజిన్ల లెక్క వేసవిలోనే సరిచూసుకోవాలి.

సర్వేతో పాటు చిట్టా

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద, 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాలకు కారణాలు వేరు. నదిలో అదుపు తప్పిన పడవకు మరో అవకాశం ఉండదన్నది వాటి పాఠం. శతాబ్దం నాటి 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్గత నౌకల చట్టం రిజిస్ట్రేషన్‌ను, సర్వేను తప్పనిసరి చేసింది. అయితే సర్వే ఆ నాటి స్థితికే అద్దం. తరువాతి నెలల్లో ఇంజిన్ ఎలా మారుతోందో చెప్పేది రోజువారీ ఇంధన చిట్టాయే.

ఇందుకు కొత్త యంత్రాలు అక్కరలేదు, ఒక నోటు పుస్తకం, కొలపాత్ర చాలు. రేవుల వేలం షరతుల్లో ఈ చిట్టాను చేర్చి, తనిఖీకి వచ్చినవారు లైఫ్ జాకెట్లతో పాటు దానినీ అడిగితే యజమానికి ఇంధనం, ప్రయాణికులకు ప్రాణం నిలుస్తాయి.