మాత్ర వేసుకోవడం అవిశ్వాసమా?



మూడేళ్ల క్రితం సాక్ష్యాల సమయంలో ఒక సహోదరుడు లేచి, "ప్రార్థన చేసుకుని బీపీ మాత్రలు మానేసినాను అయ్యగారూ, నాకేమీ లేదు" అన్నాడు. అందరితో పాటు మేమూ చప్పట్లు కొట్టాము. కాపరిగా మేము అడ్డుచెప్పవలసింది, చెప్పలేదు. కొన్ని నెలలకే ఆయన చేలో బుడ్డలు పీకుతూ పడిపోయాడు. కుడిచేయి పడిపోయింది, మాట పోయింది.

"నాకేమీ లేదు" అన్న మాటలోనే మోసం ఉంది. బీపీ పెరిగినా చాలామందికి తలనొప్పి రాదు, కళ్లు తిరగవు. లోపల మాత్రం మెదడు, గుండె, మూత్రపిండాల రక్తనాళాలు పాడవుతుంటాయి. మాత్ర వల్ల అంకె తగ్గితే, తగ్గింది కదా అని మాత్రే మానేస్తాం.

హిజ్కియా ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు పెంచాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఉంది కదా, మందెందుకని రాజు అనలేదు. మన సీమకు సువార్త తెచ్చిన లండన్ మిషన్ వారు జమ్మలమడుగులో ఆసుపత్రి కూడా పెట్టారు. డాక్టర్ క్యాంప్‌బెల్ పేరుతో అది నేటికీ ఉంది. ప్రార్థనకూ మందుకూ వారు తగాదా పెట్టలేదు. మనమెందుకు పెట్టాలి?

బీపీ చూపించుకునే ముందు అరగంట పాటు టీ, బీడీ వద్దు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. చేయి గుండె ఎత్తున ఉండాలి. నిమిషం ఆగి రెండోసారి చూసి, తేదీతో రాసుకోండి. వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టరును కలవండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చేయి లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదు. సంగటిలోకి ఊరిబిండి, ఊరగాయ వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పోయిన నెల మేమూ చూపించుకున్నాము, 152/94 వచ్చింది. మరో రోజు చూసినా తగ్గలేదు. డాక్టరుగారు మాత్ర రాశారు. ఉదయం ప్రార్థన ముగించి, స్తోత్రం చెప్పి వేసుకుంటున్నాము. ఇకమీదట ఎవరైనా మాత్రలు మానేశామని సాక్ష్యం చెబితే, చప్పట్లకు ముందు ఒక్క మాట అడుగుతాము: "డాక్టరుగారు మానమన్నారా?"

ప్రభువు మీకు ఆరోగ్యంతో పాటు వివేకమూ దయచేయును గాక. ఆమేన్.