బెజవాడ బిడ్డ సైన్యాధిపతి అయిన సంగతి పిల్లలకు చెప్పేదెవరు?

మా ఊరి నుంచి మిలటరీకి వెళ్లినవారు చాలామందే ఉన్నారు. అందరూ సిపాయిలుగా చేరినవారే. ఆఫీసరుగా వెళ్లినవాడు ఒక్కడూ లేడు. ఆఫీసరు ఉద్యోగాలు ఉత్తరాది వారివని రచ్చబండ దగ్గర పెద్దలే తేల్చేస్తారు. జనరల్ కె.వి. కృష్ణారావు పేరెత్తితే "ఆయనెవరు?" అని అడుగుతారు. ఇది శోచనీయం.

ఆయన 1923 జూలై 16న విజయవాడలో, అప్పటి మాటలో చెప్పాలంటే బెజవాడలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా 1942లో, పందొమ్మిదేళ్లకే మహర్ రెజిమెంటులో ఆఫీసరుగా చేరారు. బర్మాలో పనిచేశారు. 1947-48 కాశ్మీరు పోరులో ఉన్నారు. 1971 యుద్ధంలో ఆయన నడిపిన 8వ పర్వత డివిజన్ సిల్హెట్ వైపు పోరాడింది. 1981 జూన్ నుంచి 1983 జూలై వరకు భారత సైన్యాధిపతిగా ఉన్నారు.

యుద్ధాల కంటే నాకు గొప్పగా తోచేది వేరొకటి. సైన్యం మున్ముందు ఎలా ఉండాలో తేల్చడానికి 1975లో వేసిన నిపుణుల కమిటీకి ఆయనే అధ్యక్షులు. కాలినడకన సాగే దళాలను యంత్రవాహనాలు ఎక్కించే మార్పుకు ఆ కమిటీ ఊతమిచ్చింది. మిలటరీ అంటే తుపాకీ ఒక్కటే కాదు, బుర్ర కూడా కావాలన్నమాట.

ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కాశ్మీరుకు గవర్నరుగా వెళ్లారు. 1995 జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుండగా బాంబులు పేలి ఎనిమిది మంది చనిపోయారు. ఆయన బయటపడ్డారు. ఆ మే నెలలోనే చరారే షరీఫ్ దర్గా కాలిపోయినప్పుడు ఆయన పాలనపై విమర్శలూ వచ్చాయి. అది దాచవలసిన పని లేదు. మరుసటి ఏడు అక్కడ అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. 2016 జనవరి 30న ఢిల్లీలో కన్నుమూశారు.

నేడు ఇంటర్ చదివే పిల్లలు ఆఫీసరు కావడానికి నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష ఏటా రెండుసార్లు జరుగుతుంది. సైన్యం విభాగానికి ఏ గ్రూపు వారైనా రాయవచ్చు, లెక్కల పేపరు మాత్రం తప్పదు. 2021 నుంచి ఆడపిల్లలకూ అవకాశం వచ్చింది. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. ఇంటర్ చదివిన నాకే ఈ సంగతి వయసు దాటిపోయాక తెలిసింది. మా కాలేజీలో ఒక్క మాస్టారూ చెప్పలేదు. మా ఊరి కుర్రాళ్లు ఈనాటికీ సిపాయి ర్యాలీకే తెల్లవారుజామున రోడ్డు మీద పరుగులు తీస్తున్నారు. ఆ పరుగు తప్పని నేననడం లేదు.

జూనియర్ కాలేజీ ప్రిన్సిపాళ్లు ఆ ప్రకటనను నోటీసు బోర్డుకు అంటించి, ప్రార్థన వేళ ఒకసారి చదివి వినిపించాలి. పక్కన కృష్ణారావు గారి ఫోటో ఒకటి పెడితే మరీ మంచిది. ఇందుకు సర్కారు జీవో ఏమీ అక్కర్లేదు.