పిల్లలకు ఏ పుస్తకం కొనిద్దాం?

పండుగకు బట్టలు కొనేటప్పుడు పిల్లల కొలతలు చూస్తాం. పుస్తకం కొనేటప్పుడు మాత్రం ఆ సంగతి మరచిపోతాం. పెద్దల కోసం రాసిన ఉపదేశ గ్రంథాన్ని పదేళ్ల పిల్లవాడి చేతిలో పెడతాం. రెండు పేజీలు తిప్పి వాడు మూసేస్తే, దీన్ పట్ల శ్రద్ధ లేదని బాధపడతాం. తప్పు వాడిది కాదు, మన ఎంపికది. ధార్మిక పుస్తకమంటేనే విసుగు అన్న భావం చిన్ననాడే పాతుకుపోతే, పెద్దయ్యాక దాన్ని తొలగించడం కష్టం.

దివ్య ఖుర్ఆన్ బోధనా విధానాన్ని గమనించండి. శుక్రవారం మనలో చాలామంది పారాయణం చేసే కహఫ్ సూరాలో హజ్రత్ మూసా (అ.స) ఒక జ్ఞాని వెంట ప్రయాణం చేస్తారు. ఆయన హజ్రత్ ఖిజర్ అని పెద్దలు చెబుతారు. తాము ఎక్కిన పడవకే ఆయన చిల్లు పెడతారు. ఎందుకు? జవాబు వెంటనే రాదు. మరో రెండు సంఘటనలు జరిగి, ఇద్దరూ విడిపోయే వేళ అసలు కారణం తెలుస్తుంది. పడవలను బలవంతంగా లాక్కునే రాజు ఒకడున్నాడు. చిల్లు పడటం వల్లే ఆ పేదల పడవ వారికి దక్కింది. ముందు కుతూహలం, తర్వాత గుణపాఠం!

హైదరాబాద్‌లో 1897లో జన్మించి, 1967లో రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ ఉర్దూలో పిల్లల కోసం 'అబ్బూఖాన్ కీ బక్రీ' కథ రాశారు. కట్టుతాడు భరించలేక కొండల్లోకి పారిపోయిన మేక రాత్రంతా తోడేలుతో పోరాడి ప్రాణం విడుస్తుంది. గెలిచింది ఎవరని పక్షులు వాదించుకుంటాయి. చదివిన పిల్లలూ వాదించుకుంటారు. స్వేచ్ఛ విలువ గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

కనుక కొనేముందు రెండు పేజీలు పిల్లలకు చదివి వినిపించండి. అక్షరాలు పెద్దవిగా, మాటలు ఇంట్లో వాడేవిగా ఉన్నాయా చూడండి. మీరు ఒకటి ఎంచుకుంటే, మరొకటి వారిని ఎంచుకోనివ్వండి. ఉర్దూ లిపి రాని పిల్లలకు ఆ కథలను దాదీ, నానీల చేత చెప్పించండి. ప్రవక్తల గాథలతో పాటు జంతువులు, నక్షత్రాలు, సాహసయాత్రల పుస్తకాలకూ ఇంట్లో చోటివ్వండి.

మంచి పుస్తకానికి గుర్తు ఒక్కటే. మీరు మధ్యలో ఆపితే, "తర్వాత ఏమైంది అమ్మీ?" అని బిడ్డ అడగాలి. 'చదువు' అన్న ఆజ్ఞతో అవతరణ మొదలైన గ్రంథాన్ని విశ్వసించే మనం, చదువంటే ఇష్టపడే సంతానాన్ని పెంచవద్దా?